సబ్సిడీ బావీ, పెద్దత్త వంతూ

ప్రభుత్వం మా ఇంటికి ఏమిచ్చిందని ఎవరైనా అడిగితే ఒక బావి ఇచ్చిందని చెబుతాను. ఆ బావి ఇప్పటికీ ఉంది. లోతు ముప్పై ఎనిమిది అడుగులు, అడ్డం పదహారు అడుగులు. అందులో ఒక్క చెంబెడు నీళ్ళు సొంతంగా ఊరలేదు. తాలూకా కాగితాల్లో మాత్రం అది మూడెకరాలు తడుపుతున్న బావి. ఆ మూడెకరాల పైరు ఎవరు కోసుకున్నారో, ఎవరు తిన్నారో ఆ కాగితాలే చెప్పాలి.

నేను జ్ఞాపకం మీద మాత్రమే ఆధారపడి ఇది రాయడం లేదు. 1953లో పెళ్ళయి ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దగ్గరి ఈ పల్లెకు వచ్చినప్పుడు నా పెట్టెలో ఆరు చీరలు, రెండు నోటుపుస్తకాలు ఉన్నాయి. మా నాయన బోర్డు స్కూల్లో అయ్యవారు. రోజూ ఏం జరిగింది, ఎంత ఖర్చయింది, తారీఖు వేసి రాయడం ఆయన నేర్పిన అలవాటు. అత్తగారింట్లో ఎనిమిదో తరగతి చదివినదాన్ని నేనొక్కదాన్నే. అందువల్ల ఇంటికొచ్చే ఉత్తరం చదవడం, ఇంట్లోంచి పోయే అర్జీ రాయడం నా పనులయ్యాయి. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని మా మామ ఊరంతా చెప్పుకునేవాడు. ఆ దస్తూరీ ఏ పనికి ఉపయోగపడిందో ఇప్పుడు చెబుతాను.

మాకు అప్పటికే ఒక బావి ఉంది. మా మామా, ఆయన అన్నా పంచుకున్న పాతబావి. మా వైపు బావి లోతును మట్లలో చెబుతారు. మట్టంటే నిలబడ్డ మనిషి ఎత్తు. ఆ బావి ఆరు మట్లు. ఎద్దుల జతతో తోలు బాన లాగించి నీళ్ళు తోడేవాళ్ళు. దాన్ని కపిల తోలడం అంటారు. ఉమ్మడి బావికి వంతులుంటాయి. ఒక పొద్దు పొడుపు నుంచి మరుసటి పొద్దు పొడుపు దాకా ఒకరి వంతు. ఆ రోజు ఎవరి వంతో వాళ్ళ ఎద్దులే బావి మీదికి పోవాలి. ఈ వంతులు ఏ కాగితం మీదా ఉండవు. తాతల నాడు అనుకున్న మాట, అంతే. అయినా వంతు తప్పించడమంటే గట్టు జరపడం కంటే పెద్ద తప్పని ఊరంతటికీ తెలుసు.

ఇద్దరు అన్నదమ్ములు కాబట్టి నాలుగు రోజుల్లో రెండు మా మామవి, రెండు వాళ్ళన్నవి. ఆ అన్న నేను కాపురానికి రాకముందే పోయాడు. ఆయన భార్యను నేను పెద్దత్త అనేదాన్ని. ఒక్కతే కూతురు, ఖాజీపేటకు ఇచ్చారు. మొగదిక్కు లేని ఇల్లని తేలగానే మా మామ వంతుల లెక్క మార్చాడు. నాలుగింట మూడు తనవి, ఒకటి ఆమెది. ఒంటి మనిషికి అన్ని నీళ్ళు ఏంటికని అన్నాడట. నాలుగో రోజు దక్కితే చాలని ఆమె ఊరుకుంది. బావి కింద ఆమెకున్నది ముప్పావెకరా. ఎర్రగడ్డలు, అంటే ఉల్లి, గట్టు వెంట మిరప. ఇంకో ఆధారం లేదు. ఆ నాలుగో రోజు నీళ్ళ మీదే ఆమె తిండి, బట్ట, కూతురి పురిటి ఖర్చు, అన్నీ నడిచేవి.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కాలంలో, 1955 నవంబరులో, జీపు మా ఊరికొచ్చింది. అందులోంచి దిగిన మనిషి ఇస్త్రీ చొక్కా నలగకుండా రచ్చకట్ట మీద కూర్చుని, కరువు సీమలో ఆహారం పండించే పథకం అంటూ ముప్పావుగంట ఉపన్యాసం ఇచ్చాడు. కొత్త బావి తవ్వుకునే రైతుకు అంచనాలో సగం సర్కారు ఊరికే ఇస్తుంది, మిగతా సగం అప్పుగా ఇస్తుంది, పది కంతుల్లో కట్టుకోవచ్చు. వరి నాట్లు సాలు పట్టి ఎట్లా వెయ్యాలో కూడా చెప్పాడు. ఆ ఊళ్ళో వరి అన్నం పండగకు తినే ఇళ్ళు తొమ్మిది. వరి పండించే ఇల్లు ఒక్కటీ లేదు. అయినా అందరూ తలలూపారు. ఊరకే ఇస్తానన్నవాడు ఏం చెప్పినా తలూపుతారు.

మా పాతబావికి కావలసింది కొత్త బావి కాదు. ఎండాకాలంలో ఊట తగ్గుతుంది కాబట్టి ఇంకొక్క మట్టు లోతు చెయ్యాలి. బావులు తవ్వే ఒడ్డెవాళ్ళను మా ఆయన అడిగితే నూట యాభై రూపాయలన్నారు. పాతబావి లోతు చేసుకోవడానికి ఏమైనా ఇస్తారా అని జీపాయన్ను అడిగితే లేదన్నాడు. కొత్త బావికే సబ్సిడీ. నూట యాభై రూపాయల పనికి ఒక్క కానీ ఇవ్వని సర్కారు రెండువేల నాలుగువందల పనికి పన్నెండువందలు ఊరికే ఇస్తుంది. ఇది విని నవ్వినవాళ్ళు ఆ రచ్చకట్ట మీద ఒక్కరూ లేరు. మా మామకైతే ఆ పన్నెండువందలు అప్పుడే ముడుపులో పడ్డట్టనిపించింది.

ఒక చిక్కుంది. నడుస్తున్న బావికి వంద గజాల్లోపు కొత్త బావికి సబ్సిడీ లేదు. మా మామకు మంచి భూమంతా పాతబావి చుట్టే ఉంది. దీనికి పులివెందుల ఆఫీసులోని గుమాస్తా ఉపాయం చెప్పాడు, ఒక వీశె నెయ్యి తీసుకుని. పాతబావి పాడుబడిందని రాస్తే అది నడుస్తున్న బావి కాదు కదా. ఉమ్మడి బావి కాబట్టి రెండో హక్కుదారు వేలిముద్ర కూడా కావాలన్నాడు.

1956 జనవరి 9, సోమవారం. అర్జీ నేను రాశాను. నకలు ఇప్పటికీ నా దగ్గరుంది. మూడో పేరాలో ఉన్న వాక్యం ఇది: "సదరు పాతబావి పూడిపోయి, నీరు లేక, గత పది సంవత్సరములుగా ఎవరును వాడక పాడుబడి యున్నది." ఆ వాక్యం రాసేటప్పుడు నా వెనక కుండలో ఆ బావి నీళ్ళే ఉన్నాయి.

మా మామ పెద్దత్తను పిలిపించాడు. ఆమె చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వచ్చి అరుగు కింద నిలబడింది. కొత్త బావికి సర్కారు సాయం చేస్తోందని, దానికి ఆమె ఒప్పుకున్నట్టు వేలిముద్ర కావాలని మా మామ చెప్పాడు. ఆమె మా మామను చూడలేదు. నన్ను చూసింది.

"ఏముందో సదువు మ్మే," అంది.

చదివాను. పై పేరా చదివాను, సర్వే నంబరు చదివాను, అంచనా మొత్తం చదివాను, చివర "చిత్తగించవలెను" దాకా చదివాను. మూడో పేరాలో ఒక్క వాక్యం వదిలేశాను. మా మామ వదిలెయ్యమని చెప్పలేదు. కన్ను కూడా కదపలేదు. ఇంటి పెద్దకు ఏది కావాలో చెప్పకుండానే తెలుసుకునే కోడలినన్న పేరు నాకుండేది.

"నా వంతుకేం కాదు గదా?" అని అడిగింది.

"నీ వంతెక్కడికి పోతాది వదినా," అన్నాడు మా మామ. "కాయితం గవుర్మెంటుకు. వంతు మనకు."

ఆమె నన్నే చూస్తోంది. నేను తలూపాను. వేలు ముంచి ముద్ర వేసి, ఆ సిరా వేలిని పేడముద్ద మీద తుడుచుకుని పోయింది. పందొమ్మిదేళ్ళు నిండాయి నాకు. తెలియని వయసు కాదు.

స్థలం చూడటానికి సూపర్‌వైజరు ఫిబ్రవరి 20న జమ్మలమడుగు నుంచి వస్తాడని కబురు. 18వ తేదీ పొద్దున్నే మా మామా, మా ఆయనా, ఇద్దరు జీతగాళ్ళూ పాతబావిని పాడుబావి చెయ్యడం మొదలుపెట్టారు. గిలక కట్టే కొయ్యలు ఊడబెరికారు. ఎద్దులు దిగే దారికి అడ్డంగా కంప కొట్టి వేశారు. మెట్ల మీద మూడు బండ్ల రాళ్ళు దొర్లించారు. పాచి పట్టినట్టుండాలని పైన పాత రొట్ట కూడా పరిచారు. పదేళ్ళ పాడును ఒక్కపూటలో తయారు చేశారు. పనిచేసే బావిని బాగుచేసేందుకు ఏనాడూ ఇంతమంది అంత పొద్దున్నే లేవలేదు.

మరునాడు పెద్దత్త వంతు. పొద్దు పొడవక ముందే బాడుగ ఎద్దులు తోలుకుని బావి దగ్గరికి పోయి, అక్కడి నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది. అరవలేదు. ఎర్రగడ్డలు ఊరే అదునని, ఇప్పుడు రెండు తడులు తప్పితే గడ్డ గోలీకాయంత కూడా కాదని చెప్పింది.

"రెండు దినాలు ఓర్చుకో వదినా. ఆయప్ప వచ్చి చూసిపోతానే మళ్ళా కొయ్యలు నాటిస్తా," అన్నాడు మా మామ.

ఆయప్ప 20న రాలేదు. జీపుకు టైరు లేదని కబురు. 27న రాలేదు. మార్చి 5న వస్తాడని కోడిని కోశాం. కోడిని మేమే తిన్నాం. 12న మళ్ళీ కోశాం. చివరికి మార్చి 29, గురువారం, మధ్యాహ్నం పన్నెండున్నరకు వచ్చాడు. అంటే నలభై రోజులు. పెద్దత్తకు పది వంతులు. ఆయన పాతబావి గట్టెక్కి రెండు నిమిషాలు నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "పూర్తిగా శిథిలం," అన్నాడు. రొట్ట వాసనకు బావి చచ్చిపోయిందనుకున్నాడేమో. తర్వాత రెండున్నర గంటలు మా ఇంట్లో భోంచేసి పడుకున్నాడు. లేచి, కూరలో కారం తక్కువైందన్నాడు. మిరపచేను ఎండిపోయింది, కారం ఎక్కడి నుంచి తెమ్మంటాడు?

పెద్దత్త ఎర్రగడ్డలు ఏప్రిల్ మొదటివారంలో తవ్వింది. అంతకు ముందేడు ముప్పై ఒక్క బస్తాలు. ఈసారి నాలుగు. అవీ ఉలవగుగ్గిళ్ళలో వేసుకోవడానికి పనికొచ్చే సైజు.

అయినా కొయ్యలు మళ్ళీ నాటలేదు. శాంక్షను వచ్చేదాకా బావిని ముట్టుకోవద్దని, మళ్ళీ తనిఖీకి ఎవరైనా రావచ్చని గుమాస్తా చెప్పాడు. మా మామకు మూడు వంతులు పోయాయి, మా రాగిపైరు కూడా ఎండింది. ఇది బుద్ధున్నవాడు చేసే పనేనా అని మా ఆయన్ను అడిగాను. "సబ్సిడీ వస్తాది గదా," అన్నాడు. ఆ ఏడాదంతా మా ఇంట్లో ఏ ప్రశ్నకైనా అదే జవాబు. మాకు వానకు పండే వేరుశనగ పన్నెండెకరాలుంది కాబట్టి ఆ జవాబుతో కడుపు నిండింది. పెద్దత్తకు వేరే చేను లేదు. ఆవును అమ్మింది. తర్వాత కూలికి పోయింది. మా వంశంలో ఆడమనిషి పరాయి చేల్లో కలుపు తీయడం అదే మొదలు. రోజుకు ఆరణాలు. ఆమె కలుపు తీసిన చేలల్లో మాదీ ఒకటి. ఆ ఆరణాలు ఆమె చేతిలో పెట్టింది నేను. నోటుపుస్తకంలో రాసుకున్నదీ నేనే.

ఈలోగా కర్నూలు రాజధాని కాకుండా పోయింది, హైదరాబాదు వచ్చింది. రాష్ట్రం పేరు మారింది కాబట్టి పాత ఫారం చెల్లదని, కొత్త ఫారం మీద మళ్ళీ రాయమని అర్జీ వెనక్కి వచ్చింది. మళ్ళీ నేనే రాశాను, అదే వాక్యంతో సహా. ఈసారి పెద్దత్తను పిలవలేదు. పాత ఫారం మీది వేలిముద్ర ఉన్న కాగితాన్ని కొత్తదానికి కుట్టి పంపారు. రాష్ట్రం మారితే ఫారం చెల్లదట, వేలిముద్ర చెల్లుతుందట.

శాంక్షను డిసెంబరులో వచ్చింది. 1957 జనవరిలో తవ్వకం మొదలైంది. నీళ్ళు చూసే ఆయన ఒకడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. పాతబావికి నలభై అడుగుల్లో టెంకాయ నిలబడిందన్నాడు. పక్కనే నీళ్ళున్నాయని టెంకాయ అడక్కుండానే నేను చెప్పగలను. కాని పాతబావి ఊట పడమటి నుంచి వస్తుంది, వీళ్ళు తవ్వింది తూర్పున. ఆ మాట ఒడ్డెల పెద్దాయన మొదటిరోజే అన్నాడు.

"ఈడ రాయి తప్ప ఏమీ లేదు సామీ. పడమటి పక్క పోదాం," అని.

పడమటి పక్క పెద్దత్త పట్టా. అక్కడ తవ్వితే సబ్సిడీ ఆమెకు పోతుంది. అందుకని రాతిలోనే తవ్వించారు. మూడో మట్టు దగ్గర నల్లబండ తగిలింది. అక్కడి నుంచి మందుపెట్టి పేల్చడమే. పేల్చినప్పుడల్లా మా వంటింటి దూలం నుంచి మట్టి రాలేది. అయిదో మట్టు దగ్గర రాయి చెమ్మగా ఉందని మా మామ గంగపూజ చేయించి పొట్టేలును కొట్టాడు. పక్కరోజు ఎండకు ఆ చెమ్మ ఆరిపోయింది. పొట్టేలు మాత్రం తిరిగిరాలేదు. ఏడు మట్లకు ఆపేశారు, డబ్బు అయిపోయింది కాబట్టి.

నీళ్ళు పడ్డాయని సూపర్‌వైజరు రాస్తేనే సబ్సిడీలో మిగతా సగం వస్తుంది. తనిఖీ జూన్ 12, బుధవారం. ఈసారి ముందుగా పదిరూపాయలు పంపాం కాబట్టి జీపుకు టైరు దొరికింది.

తొమ్మిదో తేదీన మా మామ పాతబావి మీది కంప తీయించాడు. మెట్ల మీది రాళ్ళు పైకి లాగించాడు. కొయ్యలు నాటించాడు. పదహారు నెలలు తోడని బావి, మెట్ల సగం దాకా నీళ్ళున్నాయి. 10న, 11న రెండురోజులు రెండు జతల ఎద్దులతో కపిల తోలి, కాలువ తీసి, పాతబావి నీళ్ళు కొత్తబావిలోకి పారించారు. బానలు లెక్కపెట్టడం నాకు అప్పగించారు. నూట తొంభై రెండు. పాడుబడ్డ బావి, కొత్త బావికి నీళ్ళు పోసింది. రెండు బావుల మధ్య గట్టు మీద పెద్దత్త రెండురోజులూ కూర్చుంది. చేతిలో కలుపు తీసే తొలిక. మా మామ ఆ వైపు చూడకుండా ఎద్దుల్ని అదిలించాడు.

సూపర్‌వైజరు టేపు దింపి, నీళ్ళు నాలుగడుగుల తొమ్మిదంగుళాలున్నాయని రాసుకున్నాడు. తాగి చూసి తియ్యగా ఉన్నాయన్నాడు. అవును, ఆ నీళ్ళు తియ్యనివే. మా అత్తగారు కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ నీళ్ళే తాగింది. నలభై అడుగుల దూరంలో పాతబావి మీద గిలక ఇంకా తడిగానే ఉంది, తాడు వేలాడుతోంది. ఆయన అటు తల తిప్పలేదు. చూస్తే ఆ మధ్యాహ్నం పొట్టేలు కూర పోతుందని ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని మా మామకు తెలుసు. అందరికీ తెలిసిన అబద్ధం మీద నలుగురు సంతకాలు చేశారు.

మరునాడు, 13వ తేదీ పొద్దున, పెద్దత్త మా ఇంటికొచ్చింది. ఏడాదిన్నరలో మా గడప దగ్గరికి కూలి డబ్బుల కోసం తప్ప రాలేదు. మా మామ అరుగు మీద పళ్ళు తోముకుంటున్నాడు. మా ఆయన పక్కన ఉన్నాడు. ఆమె వాళ్ళిద్దరినీ దాటుకుని నా దగ్గరికొచ్చింది.

"నువ్వు ఏది రాసినా ఇంగో కాయితం మీద ఎత్తిపెట్టుకుంటావంట గదా. ఆ అర్జీ తీసకరా," అంది.

తెచ్చాను.

"ఈతూరి అంతా సదువు."

వదిలేశానని ఆమెకు ఎప్పటి నుంచి తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు. మొదటి నుంచి చదివాను. మూడో పేరా వచ్చింది. పూడిపోయి, నీరు లేక, గత పది సంవత్సరములుగా ఎవరును వాడక. చదివి ఆగాను. చివరిదాకా చదవమంది. "చిత్తగించవలెను" దాకా చదివాను.

ఆమె మా మామ వైపు తిరిగింది.

"పదేండ్ల నుంచి ఆ బావి నువ్వు వాడలేదు అబ్బీ. నువ్వే రాసిచ్చినావు, గవుర్మెంటు ముద్దరేసింది. వాడనోడికి వంతేంది? నేటి నుంచి నాలుగు దినాలూ నాయే."

మా మామ నోట్లో వేపపుల్ల అట్లాగే ఉంది. "నీ యేలిముద్ర గూడా ఉండాది గదా వదినా దాని మీద," అన్నాడు.

"ఉండాది. నాకు సదివినదానికి ఏసినా. ఏం సదివిందో నీ కోడల్నే అడుగు. కాదంటే పంచాయితీ పెట్టు. నలుగుర్లో నిలబడి, బావి బాగుండాది, నాకు మూడొంతులుండాయి అని చెప్పు. నేను ఒప్పుకుంటా. నువ్వు చెప్పినమాట నేను పులెందుల ఆపీసుకు పోయి చెప్తా."

మిగతా ఆరువందలు ఇంకా చేతికి రాలేదు. మా మామ పుల్ల ఉమ్మేసి లోపలికి పోయాడు. అంతే. తాతల నాటి బావిలో తన హక్కును ఆ మనిషి వదులుకున్నాడు, ఆరువందల రూపాయల కోసం. ఆ ఆరువందలు ఆగస్టులో వచ్చాయి. గుమాస్తాకు నలభై, సూపర్‌వైజరుకు అరవై పోను అయిదువందలు. ఆ చివరి పద్దు నేను అణాల్లో రాసి, కొట్టేసి, నయాపైసల్లో మళ్ళీ రాసుకున్నాను. అప్పటికి కొత్తబావిలో పోసిన నూట తొంభై రెండు బానలూ బండ సందుల్లోకి ఇంకిపోయాయి.

పెద్దత్త చెవికమ్మలు ప్రొద్దుటూరులో అమ్మి, అదే ఒడ్డెల పెద్దాయన్ను పిలిపించి పాతబావిని ఒక మట్టు లోతు చేయించింది. ఎనిమిది రోజుల పని, నూట నలభై రూపాయలు. ఏ జీపూ రాలేదు, ఎవరూ కోడి తినలేదు. పడమటి పక్క నుంచి మనిషి పిడికిలంత లావు ఊట వచ్చింది.

మా కథ ఇంకా ఉంది. 1958 మార్చిలో అప్పు కంతు కట్టమని నోటీసు వచ్చింది. బావిలో నీళ్ళు లేవని చెప్పుకోవడానికి మా ఆయన పులివెందులకు పోయాడు. కొత్తగా వచ్చిన గుమాస్తా లెడ్జరు తిప్పి చూసి, జాలిపడ్డాడట. తవ్విన బావి ఎండిపోతే, ఎండిందని రాసిస్తే, అప్పు మాఫీ చేసే వీలుండేదని, మీది నాలుగడుగుల తొమ్మిదంగుళాల నీళ్ళున్న బావి కదా, ఎట్లా మాఫీ చేస్తామని అన్నాడట. ఉన్న నీళ్ళు లేవని ఒకసారి, లేని నీళ్ళున్నాయని ఒకసారి రాసిచ్చాం. నిజం ఏ ఒక్కసారి చెప్పినా మేము నష్టపోయేవాళ్ళం కాదు. అప్పు 1968 దాకా కట్టాం. వడ్డీతో, పొట్టేలుతో, ఎండిన రాగిపైరుతో కలిపి సబ్సిడీ వల్ల మాకు వచ్చిన నష్టం వెయ్యిన్నొక్క రూపాయలు. నాలుగుసార్లు కూడి చూశాను. ఒక్క నయాపైసా తేడా లేదు.

బుద్ధి వచ్చిందా అంటే రాలేదు. తర్వాత గోధుమ విత్తనం సగం ధరకిస్తామని గ్రామసేవకుడు వస్తే మా మామ రెండు బస్తాలు రాయించుకున్నాడు. మా నేలకు, మా ఎండకు గోధుమ. నేను దాన్ని విసిరి రవ్వ చేశాను. ఉప్మా తిని అందరూ బాగుందన్నారు. గోధుమ సాగు చేసిన ఆదర్శ రైతని మా మామ పేరు ఏదో పట్టీలో ఎక్కింది. గ్రామసేవకుడు కూడా రెండు ప్లేట్లు తిన్నాడు.

మళ్ళీ బావి దగ్గరికి వస్తాను. 1957 నవంబరులో వాన ముఖం చాటేసింది. మా మామకు నీళ్ళు కావలసి వచ్చాయి. తాను పోలేదు, మా ఆయన్ను పంపలేదు. నన్ను పంపాడు. పెద్దత్త ఎర్రగడ్డ నారు నాటిస్తోంది. నేను అడగడానికి వచ్చింది ఆమెకు నా నడకలోనే తెలిసిపోయింది.

"నాలుగింట ఒగటి తీసుకోమను," అంది. "ఒంటి మనిషిని గాబట్టి నాకు అన్ని నీళ్ళు అక్కర్లేదు." మా మామ అప్పుడెప్పుడో అన్న మాటను ఆమె ఏళ్ళపాటు దాచుకుందని అప్పుడు తెలిసింది. నవ్వలేదు. నాటుతున్న కూలోళ్ళు నవ్వారు.

ఇంటికి బయలుదేరబోతుంటే ఆగమంది. వంతు ఇకమీద నోటిమాట మీద ఉండటానికి వీల్లేదు, కాగితం మీద ఉండాలి, ఆ కాగితం నేనే రాయాలి అంది. ఆ సాయంత్రమే రచ్చకట్ట మీద కూర్చుని రాసిచ్చాను. నాలుగు పంక్తులు. నాలుగు రోజుల్లో మూడు ఆమెవి, ఒకటి మా మామది, పొద్దు పొడుపు నుంచి పొద్దు పొడుపు దాకా. మా మామ సంతకం చేశాడు. చదివి వినిపించడానికి నేను కాగితం చేతిలోకి తీసుకున్నాను.

ఆమె నా చేతిలోంచి కాగితం మెల్లగా లాక్కుంది. పక్కన రాములవారి గుడి తలుపు మూస్తున్న పూజారిని పిలిచి ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదువుతుంటే, ఆమె కాగితాన్ని చూడకుండా నా ముఖాన్నే చూస్తూ విన్నది. ఒక్కో పంక్తి అయ్యాక ఆయన్ను ఆపి, "అంతేనా? సందులో ఏం లేదు గదా?" అని అడిగింది. లేదని ఆయన నాలుగుసార్లు చెప్పాడు. అప్పుడు వేలిముద్ర వేసింది.

ఆ తర్వాత ఆమె ఇరవై ఒక్క ఏళ్ళు బతికింది. పండగకు మా ఇంటికి ఎర్రగడ్డలు పంపేది, నా పిల్లల పురుళ్ళకు వచ్చి కూర్చునేది, జ్వరమొస్తే కషాయం కాచిచ్చేది. ఖాజీపేట నుంచి కూతురి ఉత్తరం వస్తే మాత్రం మా గుమ్మం ముందు నుంచే గుడి దాకా నడిచి పోయి పూజారి చేత చదివించుకునేది. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని ఊళ్ళో అంటూనే ఉన్నారు.